పైపు కడగనివ్వకుండా ఇంటికి పంపాను

మా కాలంలో ఫైర్ స్టేషన్ పైపులు కాన్వాసు గుడ్డతో చేసినవి. మంట ఆర్పి వచ్చాక వాటిని ఆ రోజే కడగాలి. మసీ బురదా అలాగే ఉంచి చుట్టి పెడితే పాచి పట్టి కుళ్లిపోతాయి, తర్వాతి మంట దగ్గర సరిగ్గా అవసరమైనప్పుడే పగులుతాయి. అందుకని స్టేషన్ వెనకాల గచ్చు మీద పైపును పొడుగ్గా పరిచి, దానికి అటూ ఇటూ కూర్చుని బ్రష్షులతో రుద్ది, ఆ తర్వాత ఆరడానికి టవర్ మీదికి లాగి వేలాడదీసేవాళ్లం. చూసేవాళ్లకు అది చాకిరీ. మా ప్రాణాలు నిలిపింది ఆ చాకిరీయే.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఆఫీసరు నా ఫైలు మీద ఏం రాశాడు అన్నవి రాయను. అవి చదివితే మీకు నిద్ర వస్తుంది, రాస్తే నాకూ వస్తుంది. ఇప్పుడు పెద్ద ప్రమాదం జరిగాక సిబ్బందితో మాట్లాడటానికి మనసు డాక్టర్లు వస్తున్నారని విన్నాను. చాలా సంతోషం, వాళ్లు చెప్పేది వినండి. డెబ్భైలలో, ఎనభైలలో మాకు ఆ ఊసే లేదు. శవాన్ని మోసిన చేతులు సబ్బుతో కడుక్కుని ఇంటికెళ్లి అన్నం తినడమే. అయినా వరంగల్ చుట్టుపక్కల నేను పనిచేసిన స్టేషన్లలో ఒకదాంట్లో మనిషిని నిలబెట్టే పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని మాకు ఏ సర్కులరూ నేర్పలేదు. దాని గురించి గర్వంగానే రాస్తాను. దాన్ని నా తెలివితో చెడగొట్టింది కూడా నేనే కాబట్టి, ఆ సంగతీ దాచను.

యాకూబ్ చిచ్చా వరుస

ఆ స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్ యాకూబ్ అలీ. వయసులో నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఉర్దూ కంటే తెలుగే ఎక్కువ మాట్లాడేవాడు. అందరూ బాబాయిని పిలిచినట్టు యాకూబ్ చిచ్చా అనేవాళ్లు. నేను మాత్రం ఆఫీసర్ని కదా, యాకూబ్ అనేవాణ్ణి. ఆ తర్వాత నేనూ చిచ్చా అనక తప్పలేదు.

చిచ్చా పెట్టిన కట్టుబాటు ఇది. చెడ్డ కాల్ నుంచి, అంటే మనిషి ప్రాణం పోయిన చోటి నుంచి, వచ్చాక పైపు కడిగేదాకా ఎవ్వరూ ఇంటికి పోకూడదు. డ్యూటీ అయిపోయినా సరే, డ్రైవరైనా సరే. పైపు ముందు కొస దగ్గర కూర్చున్న మనిషి మొదలుపెట్టాలి. అక్కడ తన చెయ్యి ఏం చేసిందో చెప్పాలి. ఏమనుకున్నాడో, ఎందుకు చేశాడో అక్కర్లేదు. చెయ్యి ఏం చేసిందో అంతే. తర్వాత పక్కవాడు, అలా చివరిదాకా. దాన్నే మేం వరుస అనేవాళ్లం. ఒకడు చెబుతుంటే ఇంకొకడు అడ్డం రాకూడదు, నువ్వు ఇట్ల చేయాల్సింది అనకూడదు.

నేను చేరిన కొత్తలో ఒక లారీ చెట్టుకు గుద్దుకుని డ్రైవర్ లోపల ఇరుక్కుపోయాడు. బయటికి తీసేలోపే పోయాడు. తిరిగొచ్చాక పైపు దగ్గర ఒకతను, "నా చెయ్యి తలుపు పట్టుకున్నది. గుంజిన. రాలే. చెయ్యి జారింది. మల్ల పట్టుకున్నది," అన్నాడు. పక్కవాడు, "నా చెయ్యి ఆయన తలకాయ పట్టుకున్నది. వెచ్చగున్నది. జర్రసేపైనంక చల్లబడ్డది," అన్నాడు. వరుస చివరికొచ్చేసరికి పైపు తెల్లబడింది, జరిగింది మొత్తం అందరి ముందుకూ వచ్చింది. చివర్న చాయ్ తాగారు, ఎవరింటికి వాళ్లు పోయారు.

ఒకసారి పై ఆఫీసరు ఒకాయన చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చి ఇదంతా చూశాడు. "ముచ్చట్లు పెట్టుకోనిదే పైపు తెల్లబడదా? నోరు మూసుకుని కడగలేరా?" అని గద్దించాడు.

చిచ్చా లేచి సెల్యూట్ కొట్టి, "కడుగొచ్చు సార్. కానీ ఇక్కడ నోరు మూసుకుంటే ఇంటికి పోయి తెరుస్తరు. పొద్దుగాల వీళ్ల పెండ్లాలు నా మీదికి లొల్లికొస్తరు," అన్నాడు.

ఆఫీసరు నవ్వు ఆపుకోలేక జీపెక్కి పోయాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే, అప్పటికి ఆ వరుస అంటే నాక్కూడా పెద్దగా గౌరవం లేదు. ట్రైనింగు నుంచి మడత నలగని యూనిఫాంతో వచ్చినవాణ్ణి. చదువుకోని వాళ్ల చాదస్తం అనుకున్నాను.

నెక్కొండ దారిలో బావి

శివరాత్రి వెళ్లిన కొద్ది రోజులకు, మధ్యాహ్నం, నెక్కొండ వైపు ఒక ఊరి నుంచి కబురొచ్చింది. బావిలో ఇద్దరు పడిపోయారని.

అప్పట్లో ఎండలు ముదిరి నీళ్లు కిందికి పోతే రైతులు ఆయిలింజన్‌ను బావి లోపలికే దింపి, సగంలో ఉన్న గట్టు మీద పెట్టి నడిపేవాళ్లు. ఇంజన్ పొగ పైకి రాదు, లోపలే గూడు కడుతుంది. అందులోని విషగాలికి రంగూ ఉండదు, ఘాటూ తెలియదు. దిగినవాడు దిగినట్టే కూలిపోతాడు. ఆ రోజు ముందు అన్న దిగాడు. పలకడం లేదని తమ్ముడు దిగాడు.

మా దగ్గర ముఖానికి తొడుక్కునే ఊపిరి సెట్టు లేదు. తడిగుడ్డ కట్టుకుని దిగడమే. ఆ గుడ్డ ఆ పొగను ఏమాత్రం ఆపదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

"నేను దిగుత సార్," అని ముందుకొచ్చింది కొమురయ్య. పాతికేళ్లవాడు, ఖిలా వరంగల్‌లో ఉండేవాడు. వాళ్ల నాయన బావులు తవ్విన మనిషి. బావి గోడ మీద ఏ రాయి నిలుస్తుందో, ఏది జారుతుందో కొమురయ్యకు చూస్తేనే తెలిసేది. అతని నడుముకు తాడు కట్టాం. పైన ఆ తాడు పట్టుకుంది నేను. నా వెనక యాకూబ్. డ్రైవర్ సాంబయ్య పంపు దగ్గర.

గట్టు మీద తమ్ముడు మూలుగుతున్నాడు. అన్న ఇంకా కింద, నీళ్ల అంచున కదలకుండా ఉన్నాడు. కొమురయ్య ముందు తమ్ముణ్ణి కట్టి తెచ్చాడు. ఊపిరి ఉన్నవాణ్ణి, చేతికందినవాణ్ణి ముందు తేవాలి, అది మాకు మొదటి పాఠం. తమ్ముడు బతికాడు.

పైకి వచ్చిన కొమురయ్య ఒడ్డు మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. కళ్లు తేలేస్తున్నాడు. అయినా లేచి మళ్లీ బావి వైపు వెళ్లాడు. నేను తాడు వదల్లేదు. "ఇడువుండ్రి సార్," అన్నాడు. వదల్లేదు. మళ్లీ అన్నాడు, మూడోసారీ అన్నాడు. బావిలోకి జల్లులా నీళ్లు కొట్టిస్తే లోపలి గాలి కాస్త కదులుతుందని సాంబయ్య చేత కొట్టిస్తున్నాను. అది కాసేపు నడిచేదాకా అతణ్ణి బలవంతంగా కూర్చోబెట్టాను. ఎంతసేపో నా దగ్గర లెక్క లేదు. ఆ తర్వాత వదిలాను. దిగి అన్నను తెచ్చాడు. అన్న పోయాడు.

ఆపకుండా పంపి ఉంటే అన్న బతికేవాడా? దవాఖానలో డాక్టర్ని అడిగాను. చెప్పలేనన్నాడు. నేనూ చెప్పలేను. ఆపకపోతే ఇంకో శవం కూడా తీసేవాళ్లమేమో. ఈ రెండు మాటలూ ఇన్నేళ్లుగా నాతోనే ఉన్నాయి.

ఆ అన్నదమ్ముల తల్లి మట్టిలో కూర్చుని ఉంది. కొమురయ్య ఆమె ముందు నుంచి నడిచి పోతుంటే తలెత్తి, "ముందుగాల దిగింది మా పెద్దోడు. ముందుగాల వాన్నెందుకు తేలే బిడ్డా?" అని అడిగింది. తిట్టలేదు. నిజంగానే అడిగింది. కొమురయ్య నడుముకున్న తాడు విప్పుకుంటూ బండి వైపు నడిచాడు.

స్టేషన్‌కు రాగానే నేను చేసిన పని ఇది. "కొమురయ్యా, నువ్వు ఇంటికి పో. రెండు దినాలు రాకు, మంచిగ పండుకో," అన్నాను.

యాకూబ్ నన్ను పక్కకు పిలిచాడు. "సార్, పంపకుండ్రి. పైపు కడిగినంక పోతడు."

"మనిషి నిలబడలేకపోతాండు. పైపు కడిగిస్తవా?"

"కూసోనే కడుగుతడు కద సార్."

నేను వినలేదు. పైగా మిగతా వాళ్లందర్నీ పిలిచి, ఆ బావి మాట కొమురయ్య ముందు ఎవ్వరూ ఎత్తొద్దని ఆర్డరేశాను. దాన్ని దయ అనుకున్నాను. కొంత దయే. కానీ ఆ మాట ఎత్తకపోతే నేను తాడు పట్టుకుని ఆపిన సంగతి కూడా ఎవ్వరూ ఎత్తరు. అది నాకు లోపల్లోపల తెలుసు. ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఎవ్వరూ ఏమీ అనలేదు

కొమురయ్య మూడో రోజు డ్యూటీకి వచ్చాడు. బాగానే ఉన్నాడనుకున్నాను. బెల్లు మోగితే అందరికంటే ముందు ఫైరింజన్ ఎక్కేవాడు. కానీ కట్టిన ముడినే విప్పి మళ్లీ కట్టేవాడు, మళ్లీ విప్పేవాడు. అన్నం డబ్బా తీసుకుని షెడ్డు వెనక్కి పోయి ఒంటరిగా తినేవాడు. నలుగురు మాట్లాడుకుంటున్న చోటికి అతను వస్తే అందరూ చప్పున ఆగిపోయేవాళ్లు. ఏం మాట్లాడితే ఆ బావి గుర్తొస్తుందోనని వాళ్ల భయం. పైపు కడిగే దగ్గర కూడా వరుస ఆగిపోయింది. బ్రష్షుల చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. తనిఖీ ఆఫీసరు చూస్తే మెచ్చుకునేవాడు.

వైశాఖంలో ఒకరోజు కొమురయ్య భార్య సమ్మక్క మధ్యాహ్నం పూట స్టేషన్‌కు వచ్చింది. అతను లేని సమయం చూసుకునే వచ్చినట్టుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఆయన నౌకరి ఇడిసిపెడ్త అని కాగితం రాసి పెట్టుకున్నడు. రేపో ఎల్లుండో మీకిస్తడు. మా వాడకట్టుల చేదబాయి ఉన్నది, దాని దిక్కు చూస్తలేడు. నన్ను గూడ పోనిస్తలేడు. అన్నం ముంగట పెట్టుకోని కూసుంటాండు, తింటలేడు. అందరు నన్నే అంటాండ్రు అంటడు."

"ఎవ్వరేం అంటలేరు సమ్మక్కా. ఒక్క మాట గూడ అనొద్దని నేనే అందరికి చెప్పిన."

"అనకుంటేనే కద సార్ ఆయనకట్ల అనిపిస్తాంది! నేను భయపడి ఒడ్డు మీద కూసున్న, గా మనిషి సచ్చిపోయిండు, అందుకే ఎవ్వలు నా మొఖం చూస్తలేరు అంటాండు. నౌకరి పోతే పోనియ్యుండ్రి. నా మనిషే పోతాండు సార్."

భయపడి ఒడ్డు మీద కూర్చున్నాడా? మూడుసార్లు వదలమన్న మనిషి! అప్పుడు అర్థమైంది. ఆ పొగ తలకెక్కి ఆ కాసేపు జరిగింది అతనికి గుర్తులేదు. ఒడ్డు మీద కూర్చున్నది మాత్రమే గుర్తుంది. ఎందుకు కూర్చున్నాడో తెలియక, తానే ఒక కారణం వేసుకున్నాడు. ఆ ఖాళీని నింపగలిగే మనుషులు అతని చుట్టూ ఉన్నారు, వాళ్ల నోళ్లు నేను కట్టేశాను.

సమ్మక్కను పంపించి యాకూబ్‌ను పిలిచాను. అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"ఆ దినమే పైపు కాడ కూసోపెడితే మీ చెయ్యి మీరు చెప్పకున్నా నా చెయ్యి నేను చెప్తుంటి. మీ ఎన్క నేనే ఉన్న కద," అన్నాడు.

"ఇప్పుడు నువ్వే చెప్పు చిచ్చా."

"నేను చెప్తే ఊకె ఓదార్సుతాన అనుకుంటడు. బందు పెట్టింది మీరు. మీరే తెరువాలె."

ఆఫీసర్ని, కింది వాళ్ల ముందు కూర్చుని ఇది నా వల్ల జరిగింది అని చెప్పాలి. ఇప్పుడు రాస్తుంటే చిన్న విషయంలా ఉంది. ఆ రోజు మాత్రం దీనికంటే మంటలోకి పోవడమే సులువనిపించింది.

నేను బ్రష్ పట్టిన రోజు

మర్నాడే ఒక ఊళ్లో గడ్డివాములు తగలబడ్డాయి. మనుషులకు ఏమీ కాలేదు, పైపులు మాత్రం పేడనీళ్లలో, బూడిదలో పొర్లి వచ్చాయి. అందరూ గచ్చు మీద కూర్చున్నారు. కొమురయ్య చిట్టచివర్న, అందరికీ దూరంగా కూర్చున్నాడు. అతని చొక్కా జేబులో మడిచిన కాగితం కనబడుతోంది.

నేను బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, పైపు ముందు కొస దగ్గర కూర్చుని బ్రష్ అందుకున్నాను. సాంబయ్య గాభరాగా లేవబోయాడు. యాకూబ్ అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

"గడ్డివాము ముచ్చట కాదు. బావి ముచ్చట చెప్తాన," అన్నాను. బ్రష్షులు ఆగిపోయాయి. "నా చెయ్యి కొమురయ్య నడుముకున్న తాడు పట్టుకున్నది. తమ్మున్ని తెచ్చినంక అతను మల్ల దిగబోయిండు. నా చెయ్యి తాడు ఇడువలేదు. ఇడువుమని అడిగిండు. ఇడువలేదు. మూడుమాట్ల అడిగిండు. నా చెయ్యి అతన్ని గుంజి ఒడ్డు మీద కూసోపెట్టింది."

కొమురయ్య తల పైకెత్తాడు. ఆ రెండు నెలల్లో అతను నా ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదలు.

"నేనడిగిన్నా సార్?"

"అడిగినవ్."

"దిగుత అన్ననా?"

"మూడుమాట్ల అన్నవ్."

వరుసలో తర్వాతి మనిషి యాకూబ్. పైపు రుద్దుతూనే, "నా చెయ్యి సార్ ఎన్క తాడు కొస పట్టుకున్నది. నువ్వు గుంజుకుంటాంటే ఇద్దరం ముందలికి జరిగినం. మూడోమాటు సార్‌ను తిట్టినవ్ గూడ బిడ్డా," అన్నాడు.

"సార్‌నా? ఏమని?"

యాకూబ్ నా వైపు చూశాడు. నేను సాంబయ్య వైపు చూశాను.

"నా చెయ్యి పంపు కాడ ఉన్నది, చెవులు గూడ ఆన్నే ఉన్నయి," అన్నాడు సాంబయ్య. "గా తిట్టు నేను చెప్ప. చెప్తే సార్ ఇప్పుడు సస్పెండ్ చేస్తడు నిన్ను."

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. రెండు నెలల తర్వాత ఆ గచ్చు మీద నవ్వు వినబడింది. కొమురయ్య కూడా నవ్వబోయి, అలాగే బ్రష్ వదిలేసి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. ఎవ్వరూ ఊరుకోమనలేదు. పక్కన ఉన్నవాడు అతని వాటా పైపు కూడా రుద్దాడు.

కాసేపటికి లేచి నా మీదికి వచ్చాడు. నిజంగానే కోపంతో వచ్చాడు. "గిన్ని దినాలు ఎందుకు చెప్పలే సార్? నేనే ఆ మనిషిని సంపిన అనుకున్న. దినాం సచ్చిన నేను!"

"నేను ఆపినందుకే ఆ మనిషి పోయిండేమోనని నాకు భయం. అందుకే చెప్పలే," అన్నాను. దానికంటే మంచి జవాబు నా దగ్గర లేదు. ఇప్పటికీ లేదు.

కొమురయ్య తన చోటికి వెళ్లి కూర్చుని బ్రష్ తీసుకున్నాడు. "నా చెయ్యి," అని మొదలుపెట్టాడు. తమ్ముడికి ముడి ఎట్ల కట్టాడో, కింద అన్న చొక్కా ఎట్ల జారిందో, గుర్తున్నదంతా చెప్పాడు. గుర్తులేని చోట ఆగితే మేం అందించాం. ఆ తల్లి అడిగిన మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆమెకు ఏం చెప్పాలో మాలోనూ ఎవరికీ తెలియలేదు. తెలియదనే చెప్పుకున్నాం.

కాగితం నాకు ఇవ్వలేదు. దాన్ని ఏం చేశాడో నేను అడగలేదు.

మీకు చెప్పదలచింది

ఆ ఒక్క రోజుతో కొమురయ్య మామూలు మనిషి అయిపోయాడని రాస్తే అది అబద్ధం. నిద్ర కుదురుకునేసరికి వానాకాలం వచ్చింది. మధ్యలో రెండుసార్లు వరంగల్ ఎంజీఎం దవాఖాన డాక్టరు దగ్గరికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. మందులిచ్చాడు, అవీ పనిచేశాయి. కానీ మనుషుల మధ్యకు వచ్చి అన్నం తినడం మాత్రం ఆ రోజు నుంచే మొదలైంది.

మీరు ఆఫీసర్లయ్యాక గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ప్రమాదం దగ్గర ఏ ఒక్కడూ మొత్తం చూడడు. తన ముందున్న మూరెడు చోటే చూస్తాడు. మిగతాది చీకట్లో ఊహించుకుంటాడు, ఊహలో దోషం ఎప్పుడూ తనదే అవుతుంది. తలా ఒక ముక్క తెచ్చి ఒకచోట పెడితేనే జరిగింది జరిగినట్టు కనబడుతుంది. సెలవివ్వండి, తప్పకుండా ఇవ్వండి. ముందు ఆ ముక్కలు కలిపి ఇవ్వండి. అందరికంటే ముందు మీరు మాట్లాడండి. మీరు దాచుకుంటే మీ కిందివాడు తన మీద వేసుకుంటాడు.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి స్టేషన్‌లోనూ ఈ వరుస పెట్టాను. చిచ్చా రిటైరై వెళ్లేటప్పుడు నా ఎదుటే కొత్తవాళ్లతో, "మన సార్ పైపు మంచిగ కడుగుతడు," అన్నాడు. నా సర్వీసులో నేను గొప్పగా చెప్పుకునే సర్టిఫికెట్టు అదే.

మరుసటి ఎండాకాలం మళ్లీ బావి కాల్ వచ్చింది. అదే ఆయిలింజన్, అదే పొగ. లోపల ఒక మనిషి. నేను కొమురయ్య పేరు పిలవలేదు, వేరే అతణ్ణి దిగమన్నాను. కొమురయ్య అతణ్ణి ఆపి, తాడు తీసుకుని తన నడుముకు కట్టుకున్నాడు. ముడి ఒక్కసారే కట్టాడు. తాడు రెండో కొస పట్టుకోవడానికి ఇద్దరు బలమైన కుర్రాళ్లు చేతులు చాపారు. వాళ్లకు ఇవ్వలేదు. నడిచి వచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీరే పట్టుకోండ్రి సార్. మీరైతే ఇడువరు," అని బావిలోకి దిగాడు.